పాత బండికి కొత్త స్టీరియో: రాణిగంజ్, కోఠి ఫిట్టింగులను ఎంతవరకు నమ్మొచ్చు?

పది పదిహేనేళ్ల నాటి కారుకు స్టీరియో మార్పించాలంటే హైదరాబాద్‌లో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు: సికింద్రాబాద్ వైపు రాణిగంజ్, ఇటువైపు కోఠి గుజరాతీ గల్లీ. సెట్టు కొంటే ఫిట్టింగ్ ఉచితం అనే మాట చాలా కౌంటర్ల దగ్గర వినిపిస్తుంది. ఈ ఉచిత ఫిట్టింగ్‌కి మార్కులు వేయాల్సి వస్తే ప్యానెళ్లు విప్పడంలో పదికి తొమ్మిది, వైర్లు కలపడంలో పదికి నాలుగు. ఎండకు ఎండి పెళుసెక్కిన ప్లాస్టిక్కు ఎక్కడ విరుగుతుందో ఆ కుర్రాళ్ల వేళ్లకు తెలుసు. ఏ క్లిప్పు ముందు లాగాలో, ఏ స్క్రూ యాష్‌ట్రే వెనక దాక్కుందో చూడకుండానే చెప్తారు. ఎర్త్ (సెట్టు నుంచి బండి బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి పోయే వైరు) ఎక్కడ కొట్టావు తమ్ముడూ అని అడిగితే మాత్రం జవాబు రాదు. పాత బండిలో పాట బాగా వినపడేదీ, పొద్దున్నే సెల్ఫ్ ఎత్తుకునేదీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

షాపుకి వెళ్లే ముందు సందు కొలుచుకోండి. మారుతి 800, జెన్, తొలి ఆల్టో లాంటి వాటిలో ఉండేది సింగిల్ డిన్ సందు: వెడల్పు 182 మి.మీ., ఎత్తు 53 మి.మీ. డబుల్ డిన్‌కి వెడల్పు అంతే, ఎత్తు 100 మి.మీ. దాకా. డిన్ అనేది జర్మన్ కొలత, తర్వాత అంతర్జాతీయ ప్రమాణమైంది. కాబట్టి ముందు భాగం ఏ కంపెనీదైనా సరిపోతుంది. పేచీ అంతా లోతు దగ్గరే. సీడీ మెకానిజం ఉన్న సెట్టు 160 మి.మీ. పైనే లోపలికి పోతుంది. దాని వెనక కప్లర్ (వైర్లన్నీ ఒకేసారి తగిలించే ప్లగ్గు), యాంటెన్నా ప్లగ్గు, వైర్ల కట్ట కూడా ఇమడాలి. పాత చిన్న కార్లలో ఆ చోటుని ఏసీ డక్టు, హీటర్ కేబుల్ ముందే ఆక్రమించి ఉంటాయి. బలవంతంగా తోస్తే సెట్టు సగంలో ఆగిపోతుంది, లేదంటే కేబుల్ నలిగి ఏసీ నాబ్ బిగుసుకుపోతుంది. సీడీ లేని మెక్‌లెస్ సెట్లలో 100 మి.మీ. అటూఇటూ లోతున్నవి దొరుకుతాయి. సీడీలు వేసేవాళ్లు ఇప్పుడెవరున్నారు గనక? పయనీర్, సోనీ, జేవీసీల్లో బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న మెక్‌లెస్ సెట్టే పాత బండికి సరైన కొనుగోలు.

షాపులో ముందు చూపించేది మాత్రం 9 అంగుళాల ఆండ్రాయిడ్ ప్యానెల్. మీ బండికి తగిన ఫ్రేమ్ తయారుగా ఉంటే ఆలోచించొచ్చు. ఫ్రేమ్ లేక బ్లేడుతో డ్యాష్‌బోర్డ్ కోస్తామంటే అక్కడే ఆపేయండి, కోసిన డ్యాష్‌బోర్డ్‌కి మందు లేదు. చవక ప్యానెళ్లతో ఇంకో రెండు తలనొప్పులున్నాయి. సెట్టింగుల్లో కనిపించే ఆండ్రాయిడ్ వెర్షన్, ర్యామ్ చాలాసార్లు ఉత్త రాతలే. 13 అని రాసి ఉన్నది లోపల 10 కావచ్చు. సీపీయూ-జెడ్ లాంటి యాప్ వేసి షాపులోనే చూడండి. రెండోది, తాళం తీసినా నిద్రపోని ప్యానెళ్లు. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్-అవర్. ప్యానెల్ అర ఆంపియర్ లాగుతూ కూర్చుంటే 70 గంటల్లో బ్యాటరీ మొత్తం ఖాళీ. సెల్ఫ్ మొరాయించడం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. శుక్రవారం రాత్రి పార్క్ చేసిన బండి సోమవారం పొద్దున ఆఫీసుకి కదలదు. పైగా బ్యాటరీ వీక్ అయిందంటూ కొత్తది అంటగడతారు.

అట్టపెట్టె మీది 4×50 వాట్లని చూసి మురిసిపోకండి. సెట్టు వెనక ఫ్యూజు మామూలుగా 10 ఆంపియర్లది. 14.4 వోల్టుల దగ్గర అది రానిచ్చేది 144 వాట్లు, అందులో కొంత వేడికే పోతుంది. నికరంగా ఒక్కో స్పీకర్‌కి అందేది 18 నుంచి 22 వాట్ల ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్. అందుకే స్పీకర్లు కొనేటప్పుడు 300 వాట్స్ అనే స్టిక్కర్ చూడకుండా సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) అడగండి. 90 డెసిబెల్ పైన ఉంటే సెట్టులో ఉండే ఆంప్ (ధ్వని పెంచే ఆంప్లిఫయర్)తోనే బండి అదిరిపోతుంది. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ పెరిగితే పవర్ రెట్టింపు చేసినట్టే.

బయటి దేశాల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ సెట్లు చవగ్గా కనిపిస్తాయి. వాటి చిక్కు ఎఫ్ఎంలో బయటపడుతుంది. పాత జపాన్ సెట్టు రేడియో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టుకుంటుంది. హైదరాబాద్‌లో ప్రైవేట్ స్టేషన్లు 91.1తో మొదలు, అంటే ఒక్కటీ రాదు. పై స్టేషన్లను సెట్టుకి అందే అంకెలకి దించే బ్యాండ్ ఎక్స్‌పాండర్ డబ్బా పెడతామంటారు. వస్తుంది గానీ గుసగుస కూడా వెంట వస్తుంది. అమెరికా సెట్టుది ఇంకో తిక్క: అది 0.2 చొప్పున, బేసి అంకెల మీదే ఆగుతుంది. 98.3 వస్తుంది, ఆకాశవాణి రెయిన్‌బో 101.9 వస్తుంది, వివిధ భారతి 102.8 మాత్రం రాదు. 102.7 మీదా 102.9 మీదా గరగరమంటుంది. మెనూలో ఏరియా మార్చే వీలుంటే సరే, లేకపోతే వదిలేయండి. కొన్ని జపాన్ సెట్లు బ్యాటరీ ఒకసారి తీస్తే పాస్‌వర్డ్, మ్యాప్ కార్డు అడుగుతూ బిగుసుకుంటాయి. కంపెనీ వారంటీ సంగతి సరేసరి.

ఇక అసలు విషయం, వైరింగ్. బండిలో పాత కప్లర్ బాగుంటే దానికి సరిపోయే కప్లర్ కొన్ని వందల్లో దొరుకుతుంది. "అదెందుకు సార్, కట్ చేసి కలిపేస్తాం, పది నిమిషాల పని" అంటారు. ఒప్పుకోవద్దు. కప్లర్ ఉంటే రేపు సెట్టు చెడినా, బండి అమ్మినా పీకి పక్కన పెట్టేయొచ్చు. కోస్తే తర్వాతి మెకానిక్ ప్రతి వైరునీ మళ్లీ వెతుక్కోవాలి. ఇంతకు ముందే ఎవరో కోసి ఉంటే మాత్రం ఒక ఐఎస్‌ఓ సాకెట్ (పిన్నుల వరస ప్రమాణంగా ఉండే కప్లర్) పెట్టించుకోండి: పవర్ బ్లాకులో 4వ పిన్నుకి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, 7కి తాళం తిప్పితే వచ్చేది, 8కి ఎర్త్.

సెట్టు వైపు రంగులు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకటే. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు ఏసీసీ (తాళం తిప్పితేనే వచ్చే కరెంటు), నలుపు ఎర్త్. నీలం పవర్ యాంటెన్నాకి, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్ రిమోట్‌కి, అంటే విడిగా పెట్టిన ఆంప్‌ని ఆన్ చేసే వైరుకి. తెలుపు ముందు ఎడమ స్పీకర్, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్లగీత ఉన్నది దాని నెగటివ్. బండి వైపు రంగుల్ని మాత్రం నమ్మకండి, మల్టీమీటర్ పెట్టి తేల్చండి. తాళం తీసి ఉండగా 12.5 వోల్టులు చూపిస్తే పసుపుది, ఏసీసీలో మాత్రమే వస్తే ఎరుపుది. ఇవి తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, గడియారం, బ్లూటూత్ జత అన్నీ మరిచిపోతుంది. ఎరుపుకి ఏసీసీ దొరకలేదని రెండూ పసుపుకే కలిపేస్తే సెట్టు తాళంతో ఆగదు. బటన్ నొక్కి ఆపడం ఒక్క రాత్రి మరిచిపోయినా పొద్దున నెట్టుడే.

చాలా పాత బండ్లలో ఉండే ఒక ఉచ్చు గురించి ఇక్కడ చెప్పాలి. అప్పట్లో కొన్నింటిలో స్పీకర్ నెగటివ్‌ని బాడీకే ఇచ్చేవారు, లేదా రెండు స్పీకర్లకు కలిపి ఒక్కటే నెగటివ్ లాగేవారు. ఇప్పటి సెట్ల ఆంప్‌లో ప్లస్, మైనస్ రెండింట్లోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ ఎర్త్‌కి తగలకూడదు. తగిలితే సెట్టు తనను కాపాడుకోడానికి ఆగిపోతుంది (ప్రొటెక్ట్), కాదంటే ఆంప్ చిప్పు (ఐసీ) కాలుతుంది. కలిపే ముందు మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి స్పీకర్ వైర్ల మధ్య చూడండి, 4 ఓమ్ స్పీకర్ అయితే 3.5 దగ్గర చూపిస్తుంది. తర్వాత ఒక్కో వైరుకీ బాడీకీ మధ్య చూడండి, ఏమీ చూపించకూడదు. చూపిస్తే ట్రూప్ బజార్‌లో 18 గేజ్ రాగి జంట వైరు మీటర్ల లెక్కన కొని ప్రతి డోర్‌కీ కొత్తగా లాగించండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది అంటగట్టకుండా చివర గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వద్దు. ఫేజ్, అంటే స్పీకర్లన్నీ ఒకే దిశలో కదులుతున్నాయా అని చూడడానికి 1.5 వోల్టుల సెల్లు చాలు: సెల్లు ప్లస్సుని స్పీకర్ ప్లస్సుకి తాకిస్తే కోన్ బయటికి రావాలి. ఒక పక్కది బయటికి, ఇంకో పక్కది లోపలికి పోతుంటే బేస్ చచ్చిపోతుంది. ఆ మాట తెలియక ఎందరో సబ్‌ వూఫర్ కొంటుంటారు.

జాయింట్ల దగ్గర చూడాల్సింది టేపు. మామూలు పీవీసీ ఇన్సులేషన్ టేపు మే నెలలో రెండు మధ్యాహ్నాలు ఎండలో నిలబెట్టిన బండిలో బంక కారి జారిపోతుంది. తెరుచుకున్న పసుపు వైరు లోపలి ఇనుప పట్టీకి తగిలితే ఫ్యూజు పోతుంది. ఎవరో ముందే పెద్ద ఫ్యూజు వేసి ఉంటే వైరే కాలుతుంది. టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి, లేదా సరైన ప్లయర్‌తో క్రింప్ చేయాలి. పైన వైర్ల కట్టకి గుడ్డ టేపు చుట్టాలి, లేకపోతే గుంతల్లో టకటకమంటూ డ్యాష్ లోపల కొట్టుకుంటాయి. స్లీవులూ సామానూ మీరే పట్టుకెళ్తే ఫిట్టర్ మారు మాట్లాడడు, కూలీ విడిగా ఇస్తానంటే ఇంకా శ్రద్ధగా చేస్తాడు.

పని వరస ఇదీ. పది నంబరు పానతో బ్యాటరీ నెగటివ్ తీయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే కొన్ని నిమిషాలు ఆగాలి. ఇనుప స్క్రూ డ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో బెజెల్ (సెట్టు చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచు) లేపాలి. సెట్టుతో వచ్చిన ఇనుప చట్రాన్ని సందులో దూర్చి, గట్టిగా పట్టేవరకు కొన్ని నాలుకలే వంచాలి. అన్నీ వంచేస్తే చట్రం వంకరపోయి సెట్టు జారదు. ఎర్త్‌ని డ్యాష్ వెనక బాడీ బోల్టుకి, పెయింటు గీకి, రింగ్ టెర్మినల్‌తో బిగించాలి. ప్లాస్టిక్ బ్రాకెట్ స్క్రూకి తగిలించేసి వదిలేయడం ఉచిత ఫిట్టింగ్‌లో మామూలు. సెట్టు పూర్తిగా తోయకముందే బ్యాటరీ పెట్టి అన్నీ మోగించి చూడాలి. చివరగా వెనక బోల్టుకి రబ్బరు తొడిగి, లేదా చిల్లుల పట్టీతో వెనక ఆధారం ఇవ్వాలి. అది లేకపోతే బరువంతా ముందు చట్రం మీదే పడి ఆరు నెలలకు సెట్టు ముక్కు వంగుతుంది.

ఎర్త్ సరిగ్గా ఉందో లేదో తేల్చడం సులువు. పాట గట్టిగా పెట్టి సెట్టు బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య డీసీ వోల్టులు చూడండి. 0.1 దాటితే ఎర్త్ మళ్లీ కొట్టాల్సిందే. యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కూత ముందుగా అక్కడి నుంచే వస్తుంది. విడి ఆంప్ ఉంటే దానికి పాట తీసుకెళ్లే ఆర్‌సీఏ వైర్లు, పవర్ వైరు ఒకే పక్కన పోయినా అదే కూత. ఫోన్ ఛార్జర్‌లో ఉండి ఆక్స్ వైరుతో పాడుతున్నప్పుడే కూస్తే అది గ్రౌండ్ లూప్, అంటే ఛార్జర్, ఆక్స్ వైరు రెండింటి మీదుగా ఎర్త్ కలవడం. బ్లూటూత్‌కి మారితే పోతుంది. సెట్టు ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పీకవద్దని కుర్రాడికి ముందే చెప్పండి, కొన్ని సెట్లలో లోపలి సన్న ఫ్యూజు పోయి ఆ కూత శాశ్వతమవుతుంది.

డోర్ స్పీకర్ వేస్తే అద్దం పూర్తిగా దించి చూడండి, లోతు ఎక్కువైతే మాగ్నెట్‌కి అద్దం తగులుతుంది. లోపలి ప్లాస్టిక్ షీట్ చించి పారేస్తే మొదటి వానకే ప్యానెల్ తడుస్తుంది, దాన్ని తిరిగి అతికించాలి.

డబ్బు ఇచ్చే ముందు కౌంటర్ దగ్గరే ఇంకో పరీక్ష. తాళం తీసి, తలుపులు మూసి, పది నిమిషాలాగి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటర్ పెట్టండి, ముందు 10 ఆంపియర్ల సాకెట్‌లోనే. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నిశ్చింత. ఎక్కువుంటే సెట్టు ఫ్యూజు తీసి చూడండి, రీడింగ్ పడిపోతే దొంగ అక్కడే. ఆ తర్వాత బిల్లు మీద సెట్టు సీరియల్ నంబరు రాయించి, వారంటీ కార్డు మీద ముద్ర వేయించండి. పాత సెట్టు, బ్రాకెట్లు, తీసిన కప్లర్ అడిగి తీసుకోండి. ఒకవేళ స్క్రూలు మిగిలాయంటే అవి ఎక్కడివో అక్కడే, ఆ ఫిట్టర్ చేతే పెట్టించండి.