పాత తుపాకీలో విరిగిన భాగం: అసలుది వెతకడమా, పోతది కొనడమా, మెషినిస్టు చేత చేయించడమా?

చెకుముకి తుపాకీ లాకులో (మందును పేల్చే యంత్రాంగంలో) చెకుముకి రాయిని పట్టుకొని కొట్టే హామర్ మెడ విరిగినప్పుడు, ఎత్తిన హామర్‌ను పట్టి ఉంచే సియర్ అనే కొక్కెం స్ప్రింగు కనిపించకుండా పోయినప్పుడు, దాన్ని భద్రపరచే వ్యక్తి ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. అదే మోడల్‌కు చెందిన పాత భాగాన్ని సంపాదించవచ్చు, కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసే, మార్కెట్లో దొరికే పోత నకలు కొనవచ్చు, లేదా మెషినిస్టుకు నమూనా ఇచ్చి కొత్తగా చేయించవచ్చు. చాలామంది మొదటి దారినే నిస్సందేహంగా ఉత్తమమని అనుకుంటారు. తుపాకీ ఏ కాలానిదో తెలియకుండా ఆ నిర్ణయానికి రావడం సరికాదని నా అభిప్రాయం.

ఒక తుపాకీ భాగం మరో తుపాకీలో ఇట్టే అమరడం అన్నది చరిత్రలో ఆలస్యంగా వచ్చిన సౌకర్యం. ఫ్రాన్సులో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారు చేసిన మస్కెట్ (సైనికుల పొడవాటి తుపాకీ) లాకుల విడిభాగాలను కుప్పల్లోంచి చేతికి వచ్చినట్టు తీసి, తానే స్వయంగా కూర్చి చూశానని తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1785లో ఒక లేఖలో ఆశ్చర్యంతో రాశాడు. అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ ప్రభుత్వ ఆయుధాగారంలో తుపాకుల రూపకర్త జాన్ హాల్ 1820ల్లో తన రైఫిళ్లకు ఈ మార్పిడి సౌకర్యాన్ని సాధించి చూపాడు. ప్రభుత్వ ఆయుధాగారాల్లో పెద్ద ఎత్తున ఈ పద్ధతిలో తయారైన మస్కెట్ 1842 మోడల్. అంతకు ముందరి చాలా తుపాకుల్లో ప్రతి భాగాన్నీ పనివాడు ఆకురాయితో రుద్ది, ఆ ఒక్క తుపాకీకే సరిపెట్టాడు. కాబట్టి 1842 మోడల్ మస్కెట్‌కు అసలు భాగం దొరికితే అదే మేలు, ఇందులో నాకు వేరే మాట లేదు. అంతకు యాభై ఏళ్ల ముందరి తుపాకీకైతే అసలు భాగం పోలికలో మాత్రమే సరిపోతుంది. దాన్ని అమర్చాలంటే మళ్లీ ఆకురాయి పట్టక తప్పదు, అంటే ఒక పురాతన వస్తువును బాగుచేయడానికి మరో పురాతన వస్తువును అరగదీస్తాం. ఆ భాగం కోసం ఎక్కడో ఒక పూర్తి తుపాకీని విప్పి ముక్కలుగా అమ్మి ఉంటారన్న సంగతి కూడా నన్ను బాధిస్తుంది.

పోత భాగాలు చవక, త్వరగా దొరుకుతాయి, కానీ పేరున్న మోడళ్లకే దొరుకుతాయి. కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు పొడవులో సుమారు 2 శాతం కుంచించుకుపోతుంది. తయారీదారు అచ్చును ఆ మేరకు పెంచకుండా, పాత భాగం మీదనే నేరుగా అచ్చు తీస్తే, 50 మిల్లీమీటర్ల హామర్ దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గి వస్తుంది. ట్రిగ్గర్ గార్డు వంటి బయటి భాగాలకు ఇది పెద్ద లోపం కాదు. ఒకదానితో ఒకటి కొక్కెంలా పట్టుకునే లోపలి భాగాలకు మాత్రం పెద్ద లోపమే.

ఇక మెషినిస్టు పని. దీని మంచిచెడులన్నీ మనం అతనికి ఏం ఇస్తామన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. విరిగిన రెండు ముక్కలూ ఉంటే పని సగం అయినట్టే. అయితే ముక్కల కొలతలను ఉన్నవున్నట్టు దించితే, రెండు వందల ఏళ్ల అరుగుదల కూడా కొత్త భాగంలోకి దిగుతుంది. అందుకే అది తగిలి కదిలే ఇరుగుపొరుగు భాగాలతో సహా లాకు మొత్తాన్ని అతని ముందు పెట్టాలి. స్క్రూలది వేరే చిక్కు. ఇంగ్లండ్ ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరచుట్లకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించేవరకు ప్రతి కార్ఖానాకూ సొంత చుట్లే ఉండేవి, ఆ తర్వాత కూడా వాటిని వదలని తుపాకీ తయారీదారులున్నారు. పాత రంధ్రాన్ని నేటి కొలతకు పెంచి, బజారు స్క్రూ బిగిస్తానని మెషినిస్టు అంటే ఒప్పుకోకూడదు. ఉన్న రంధ్రానికి తగిన చుట్టును లేతు మీద కోయమని అడగాలి. పోయిన స్క్రూను మళ్లీ చేయించవచ్చు కానీ పెంచిన రంధ్రాన్ని తగ్గించలేం.

లోహం ఎంపికలోనూ మెషినిస్టుదే పైచేయి. చెకుముకి రాయి తగిలే ఫ్రిజన్ పలక ముఖం గట్టి ఉక్కుది కాకపోతే నిప్పురవ్వలు రావు, స్ప్రింగుకు వేరే ఉక్కు కావాలి, దాన్ని కాచే తీరూ వేరుగా ఉండాలి. ఏ భాగానికి ఏది అవసరమో ముందుగా చెప్పి చేయించుకునే వీలు ఇక్కడే ఉంది. స్ప్రింగు విషయంలో పోతను నేను నమ్మను. రెండు గొట్టాల తుపాకీలో ఎడమ హామర్ పోయి కుడిది మిగిలితే, దాన్ని త్రీడీ స్కాన్ చేసి అద్దంలో బింబంలా తిప్పి, ఎడమదాన్ని తయారుచేయించవచ్చు. మిగతా రెండు దారుల్లో ఈ అవకాశం సులభంగా దొరకదు.

దీనికి ఖర్చు ఎక్కువే. ఒక్క భాగం కోసం కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాన్ని సిద్ధం చేయడానికి పట్టే సమయం, కోతకు పట్టే సమయాన్ని మించిపోతుంది. అదే మోడల్ ఉన్న నలుగురైదుగురు కలిసి చేయిస్తే ఆ భారం పంచుకోవచ్చు. పాత లాకు ఎప్పుడూ చూడని మెషినిస్టు అంచులన్నీ కత్తిలా వదిలేస్తాడు. అందుకని కొలతలో కొంచెం ఎక్కువ ఉంచమని చెప్పి, చివరి అమరికను అనుభవం ఉన్న తుపాకుల మరమ్మతుదారుకు అప్పగించడం మంచిది. టంబ్లరు (హామర్‌తో పాటు తిరిగే లోపలి భాగం), సియర్ల విషయంలో ఇది తప్పనిసరి, ఎందుకంటే సగం ఎత్తిన హామర్ జారకుండా ఆపేది వాటి గాడే.

గొట్టం, దాని వెనుక మూసే బిరడా వంటి పేలుడు ఒత్తిడిని మోసే భాగాలను ఈ పోలికలోకి నేను తేవడం లేదు. లండన్‌లో 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి గొట్టాలను పరీక్షించి ముద్ర వేసే వ్యవస్థ ఉన్నది ఇటువంటి ప్రమాదాల కోసమే. ఏ భాగానికి అనుమతి కావాలో దేశాన్ని బట్టి మారుతుంది కనుక, పని ఒప్పుకోకముందే లైసెన్సు అధికారులను అడగాలి.

మొత్తం మీద, పాత ముక్కలు చేతిలో ఉన్న లోపలి భాగానికి మెషినిస్టు, విడిభాగాలు మారే కాలానికి చెందిన తుపాకీకి అసలు భాగం, ప్రదర్శనకు ఉంచే తుపాకీ బయటి భాగానికి పోత అని నేను ఎంచుకుంటాను. నమూనా గానీ, నమ్మదగిన చిత్రం గానీ లేనప్పుడు ఖాళీని ఖాళీగానే ఉంచుతాను. కొత్త భాగం ఎవరు చేసినా, కనబడని లోపలి వైపు తయారైన సంవత్సరాన్ని చెక్కించి, విరిగిన అసలు ముక్కలను నూనె పూసి, చీటీ కట్టి, తుపాకీతో పాటే భద్రపరచాలి.