ప్రైవేట్ లిమిటెడ్డా, ఎల్‌ఎల్‌పీనా? నేను ముందు చూసేది వ్యాపారం లేని ఏడాదిని

విశాఖ ద్వారకానగర్‌లో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే: "ఇద్దరం కలిసి మొదలుపెడుతున్నాం, కంపెనీ పెట్టమంటారా, ఎల్‌ఎల్‌పీ చాలంటారా?" ఎల్‌ఎల్‌పీ అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అప్పులు భాగస్వాముల సొంత ఆస్తుల దాకా రాని భాగస్వామ్యం. ఈమధ్య ఆ ప్రశ్నకు ఇంకో ముక్క చేరింది. "రూల్స్ బాగా తేలిక చేశారట కదా, ఇక కంపెనీయే మేలేమో?"

తేలిక చేసిన మాట నిజమే. 2025 డిసెంబర్ 1 నుంచి 'చిన్న కంపెనీ' హద్దు పెంచారు. పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) 4 కోట్ల నుంచి 10 కోట్లకు, టర్నోవర్ 40 కోట్ల నుంచి 100 కోట్లకు వెళ్లింది. బాగానే ఉంది. కానీ మా దగ్గరికి వచ్చే కంపెనీలు దాదాపు అన్నీ పాత లెక్కలోనూ చిన్నవే, వాళ్లకు కొత్తగా ఒరిగిందేమీ లేదు. ఏటా సెప్టెంబర్ 30 లోగా చేయాల్సిన డైరెక్టర్ కేవైసీని మూడేళ్లకోసారి చేశారు. మర్చిపోతే 5,000 కట్టాల్సిన పని అది, కాబట్టి పెద్ద రిలీఫే. అయితే ఎల్‌ఎల్‌పీ చట్టపరమైన పనులకు బాధ్యత వహించే డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లకూ అదే రూలు. దాన్ని బట్టి ఇదా అదా అని తేల్చుకోలేం.

ఇంకోవైపు పని పెరిగింది కూడా. 2025 జూలై 14 నుంచి కంపెనీల వార్షిక ఫారాలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వారి కొత్త వీ3 పోర్టల్‌కు మారాయి. చిన్న కంపెనీల వార్షిక రిటర్న్ అయిన ఎంజీటీ-7ఏతో పాటు ఇప్పుడు రిజిస్టర్డ్ ఆఫీసు ఫొటో పెట్టాలి, బిల్డింగ్ బయటివైపు, కంపెనీ పేరు స్పష్టంగా కనిపించేలా. ఎంవీపీ కాలనీలో ఒక క్లయింటు ఆఫీసంటే వాళ్ల అత్తగారి ఫ్లాటే. ఏ4 కాగితం మీద పేరు ప్రింటు తీసి, గేటుకు టేపుతో అంటించి ఫొటో పంపాడు. సముద్రపు గాలికి ఒక మూల లేచి 'ప్రైవేట్' అన్న మాట సగం మడతలోకి పోయింది. పైగా పేరు ఇంగ్లిష్‌లోనే ఉంది. తెలుగులోనూ రాయాలయ్యా, కంపెనీల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది అంటే నమ్మలేదు, చూపించాల్సి వచ్చింది. ఆ సీజన్‌లో ఇలాంటి తంటాలు చాలామందికి ఎదురై, లేట్ ఫీజు లేకుండా గడువును 2026 జనవరి 31 దాకా పొడిగించారు. ఏటా అలా పొడిగిస్తారనుకుంటే మునిగిపోతారు.

నా దృష్టిలో అసలు విషయం ఆ లేట్ ఫీజే. కిందటేడు జూన్‌లో కంచరపాలెం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అల్లుడితో కలిసి రొయ్యల ఎగుమతికని కంపెనీ పెట్టారు, ఆర్డరు ఒక్కటీ రాలేదు. "ఏటి బాబూ, రూపాయి వ్యాపారం జరగనేదు, దేనికి ఫైలింగు?" అన్నారు. 2023-24కి ఏఓసీ-4 (ఏడాది లెక్కల ఫారం) అప్పటికి 230 రోజులు లేటు, ఎంజీటీ-7ఏ 200 రోజులు. ఒక్కో ఫారానికి రోజుకు వంద చొప్పున, దీనికి పైహద్దంటూ లేదు. 23 వేలు, 20 వేలు కలిపి 43 వేలు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, క్యాలిక్యులేటర్ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ తనే లెక్కవేశారు.

అదే ఎల్‌ఎల్‌పీ అయితే? కాంట్రిబ్యూషన్ (భాగస్వాములు పెట్టే మూలధనం) లక్షకు మించకపోతే ఫారం 8 (లెక్కలు), ఫారం 11 (వార్షిక రిటర్న్)కి మామూలు ఫీజు యాభై యాభై. అన్ని రోజులు లేటైతే చిన్న ఎల్‌ఎల్‌పీకి దానికి 15 రెట్లు, అంటే ఒక్కోదానికి 750. రెండూ కలిపి 1,500. 2022 ఏప్రిల్‌కు ముందు ఎల్‌ఎల్‌పీకీ రోజుకు వందే ఉండేది. ఆ పాత లెక్క పట్టుకుని "రెండూ ఒకటే" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏడాది దాటాక ఎల్‌ఎల్‌పీకీ రోజువారీ మీటరు తిరుగుతుంది, చిన్నదానికి రోజుకు పది రూపాయలు. పెనాల్టీ నోటీసుల సంగతి వేరు, ఆ భయం రెండుచోట్లా ఉంది. కానీ వరసగా మూడేళ్లు ఫైల్ చేయని కంపెనీ డైరెక్టర్లపై ఐదేళ్ల అనర్హత పడుతుంది. ఇంకో కంపెనీలోనూ వాళ్లను డైరెక్టరుగా పెట్టుకోలేరు.

ఆడిట్ మరో తేడా. "చిన్న కంపెనీ అన్నారు కదా, ఆడిట్ ఉండదేమో" అనుకుంటారు. ఉంటుంది. అమ్మకం సున్నా అయినా ఉంటుంది. ఎల్‌ఎల్‌పీకి టర్నోవర్ 40 లక్షలో, కాంట్రిబ్యూషన్ 25 లక్షలో దాటితేనే. అంటే వ్యాపారం జరగని ఏడాది కూడా కంపెనీ ఆడిటరు ఫీజు అడుగుతుంది.

మరి కంపెనీ ఎవరికి? బయటి నుంచి పెట్టుబడి తెచ్చుకోవాలనుకునేవాళ్లకు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ప్రొడక్టు చేస్తున్న కుర్రాళ్లు అడిగితే రెండో మాట లేకుండా కంపెనీయే అంటాను. వాటా ఇవ్వాలంటే షేర్లుండాలి, ఎల్‌ఎల్‌పీలో అవి లేవు. లాభాలు బాగా వచ్చి, వాటిని బయటికి తీయకుండా మళ్లీ వ్యాపారంలోనే పెట్టేవాళ్లకు పన్ను కూడా కలిసొస్తుంది. కంపెనీ 22 శాతం రేటు ఎంచుకోవచ్చు, ఎల్‌ఎల్‌పీకి 30 శాతమే, సెస్సులు అదనం. పెట్టుబడి "ఎప్పుడైనా రావచ్చు" అనేవాళ్లను మాత్రం ఆపుతాను. వచ్చినప్పుడు మార్చుకోవచ్చు.

ఒక్కరే ఉంటే ఓపీసీ (ఒక్క మనిషి కంపెనీ) ఉంది. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) తప్పుతుంది, కానీ ఆడిట్, లేటైతే రోజుకు వంద తప్పవు. మామూలు పార్ట్‌నర్‌షిప్‌కు ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) గొడవే లేదు, కానీ అప్పులొస్తే ఇంటిదాకా వస్తాయి.

మొన్న మా మేనల్లుడు, వాడి ఫ్రెండు మధురవాడలో ఇంటీరియర్ డిజైన్ పని మొదలుపెట్టారు. చెరో 50 వేలతో ఎల్‌ఎల్‌పీయే చేయించాను. ఫారం 11కి మే 30, ఫారం 8కి అక్టోబర్ 30 గడువు. ఈ రెండు తేదీలకూ ఇద్దరి ఫోన్లలో అలారం నేనే పెట్టాను.