పాత డ్రమ్ మెషిన్ కొంటున్నారా? మిడి ఇన్ చూడకుండా డబ్బులివ్వకండి

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు మెలోడీ పార్టీలు నడిపేవాళ్లు, భజన బృందాల వాళ్లు, ఇంట్లో ట్రాకులు చేసుకునే కుర్రాళ్లు అందరూ ఒక్కసారి చదవండి. "కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, ఏ మిడి ఫైలైనా వాయించేస్తుంది" అని చెప్పి పాత డ్రమ్ మెషిన్లు (డ్రమ్స్ చప్పుళ్లు తనంతట తనే వాయించే పెట్టెలు) అమ్ముతున్నారు. మిడి అంటే ఏ స్వరం ఎప్పుడు పలకాలో వాయిద్యానికి చెప్పే సంకేతాలు. మిడి ఇన్ సాకెట్‌లోంచి అవి మెషిన్‌లోకి వస్తాయి, మిడి అవుట్‌లోంచి బయటికి పోతాయి. మా పార్టీకీ అలాగే ఒకటి అంటగట్టారు. షాపు పేరు రాయను. గొడవ ఇంకా తేలలేదు. ఆంధ్రా వైపు ఊరు, సెకండ్ హ్యాండ్ వాయిద్యాల షాపు, అంతవరకు చెప్తే చాలు.

ల్యాప్‌టాప్‌లోనే ఫైలు వాయించుకోవచ్చు కదా, ఈ పాత డబ్బా ఎందుకని అడుగుతారని తెలుసు. విండోస్‌తో వచ్చే మిడి సౌండు ఎంత పలచగా ఉంటుందో, ఎంత ఆలస్యంగా పలుకుతుందో స్టేజీ మీద విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పాత మెషిన్లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) కొడితే బాక్సు కదులుతుంది. బరంపురం ఠకురాణి యాత్ర రోజుల్లో ఆరుబయట వాయించేవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. అందుకే కొన్నాం. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. సరుకే మోసం.

షాపులో ఏం చేశాడంటే, అడాప్టర్ గుచ్చి స్టార్ట్ బటన్ నొక్కాడు. లైట్లు పరిగెత్తాయి, రాక్ బీటు ఒకటి, డిస్కో బీటు ఒకటి, ఫిల్లులతో సహా దుమ్ము లేచిపోయింది. వెనకాల మిడి ఇన్, మిడి అవుట్ రెండూ చూపించి, "కేబుల్ పెట్టుకోవడమే గురువుగారూ" అన్నాడు. ఏడున్నర వేలు ఫోన్‌లో కొట్టాం. తెల్లకాగితం మీద బిల్లు రాసిచ్చాడు.

ఇక్కడే అందరూ గమనించాల్సిన సంగతి ఉంది. స్టార్ట్ నొక్కితే మోగేది మెషిన్ మెమరీలో ఉన్న ప్యాటర్న్, అంటే ముందే రాసిపెట్టిన బీటు. దానికీ మిడి ఇన్ సాకెట్‌కీ ఏ సంబంధమూ లేదు. సాకెట్ చచ్చిపోయి ఉన్నా ప్యాటర్న్ బ్రహ్మాండంగా మోగుతుంది. ప్యాడ్లు వేళ్లతో కొట్టి చూసినా అంతే, మిడి ఇన్ గురించి ఏమీ తెలియదు.

ఇంటికొచ్చి యూఎస్‌బీ మిడి కేబుల్ తగిలించాం. ఫైలు నడుస్తోంది, మెషిన్ ఉలకదు పలకదు. కేబుల్ అటూ ఇటూ మార్చాం (చవక కేబుళ్ల మీద ఇన్, అవుట్ అని రాసింది చాలాసార్లు తికమక పెడుతుంది, మామూలుగా అవుట్ అన్న పిన్ను మెషిన్ మిడి ఇన్‌లోకి వెళ్లాలి). ఛానెల్ మార్చాం. అదే కేబుల్ మా కీబోర్డ్‌కి పెడితే చక్కగా వాయించింది. అంటే కంప్యూటరూ కేబులూ బాగానే ఉన్నట్టే. మెషిన్ ప్యాడ్ కొడితే మిడి అవుట్ నుంచి నోట్లు వస్తున్నట్టు మిడి-ఆక్స్‌లో (మిడి సంకేతాలు తెర మీద చూపించే ప్రోగ్రాం) కనిపిస్తోంది. పోయింది ఇన్ ఒక్కటే.

షాపువాడికి ఫోన్ చేస్తే, "మెషిన్ ఓకే భాయినా, మీ కంప్యూటర్‌దే ప్రాబ్లమ్" అన్నాడు. రెండోసారికి, "పాత సరుక్కి గ్యారంటీ ఏంటండీ" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు.

మా ఊరి టీవీ మెకానిక్ మెషిన్ విప్పి చూపించాడు. మిడి ఇన్ సాకెట్ వెనకాల ఆప్టోకప్లర్ అని చిన్న చిప్పు ఉంటుంది. బయటి నుంచి వచ్చే కరెంటు మెషిన్ లోపలికి నేరుగా పోకుండా, సంకేతాన్ని వెలుతురు రూపంలో దాటించడం దాని పని. ఆ చిప్పు కాళ్ల చుట్టూ గోధుమరంగు ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే జిగురు) గడ్డకట్టి ఉంది. బోర్డు మీద రాగి గీత ఒకటి లేచిపోతే దాని మీదుగా సన్నటి ఎర్ర వైరు అతికించారు, ఆ వైరు ఒక కొస ఊడి వేలాడుతోంది. అది కంపెనీ పని కాదు, ఎవరో బాగుచెయ్యబోయి వదిలేసిన పని. మూత మరల గాడులు కూడా అరిగిపోయి ఉన్నాయి. తెలియక అమ్మాడంటే నేను నమ్మను.

చిప్పు ఖరీదు ఇద్దరి టిఫిన్ ఖర్చంత కూడా లేదు. కొత్తది వేసి, గీత సరిచేస్తే పలికింది. అయితే పలికిందేమిటో వినాల్సింది! కరోకే మిడి ఫైలు పెడితే గాయకుడి వరస, వీణ ముక్క, బేస్ గిటార్ అన్నీ డ్రమ్ముల మీదే పడ్డాయి. పల్లవి ఎత్తుగడలో స్వరం మారినప్పుడల్లా ఒకచోట చప్పట్లు, ఒకచోట కౌబెల్, ఒకచోట కాంగా. మా గాయని నవ్వలేక కూర్చుండిపోయింది.

ఎందుకంటే మిడి ఫైలు 16 ఛానెళ్ల వరకు వాడుతుంది, ఒక్కో వాయిద్యానికి ఒక్కో దారి అన్నమాట. డ్రమ్స్ మామూలుగా 10వ ఛానెల్‌లో ఉంటాయి. పాత మెషిన్ ఆమ్నీ మోడ్‌లో ఉంటే అన్ని ఛానెళ్ల నోట్లూ తీసుకుని తనకున్న సౌండ్లతోనే వాయిస్తుంది. పియానో, వేణువు దాని దగ్గర ఉంటేగా! ఆమ్నీ ఆపి, రిసీవ్ ఛానెల్ 10 పెడితే పాట గోల పోతుంది, డ్రమ్స్ మిగులుతాయి. అప్పుడైనా సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిచింది 46 అనే నోట్ నంబర్ల లెక్క జనరల్ మిడి అనే ఉమ్మడి ప్రమాణంతో 1991లో స్థిరపడింది. అంతకుముందు మెషిన్లలో ఎవరి నంబర్లు వాళ్లవి. కాబట్టి హైహ్యాట్ పడాల్సిన చోట టామ్ పడొచ్చు. మెషిన్ మెనూలో నోట్ నంబర్లు మార్చుకునే వీలుంటే మార్చుకోవాలి, లేకపోతే ఫైల్లోనే మార్చాలి. ఒక పూట కూర్చుంటే అయ్యే పనే, కానీ "తగిలిస్తే చాలు" అన్నవాడు ఇది చెప్పడు.

ఇంకోటి, డప్పు, ఢోలక్, తబలా వస్తాయని ఆశపడకండి. ఉదాహరణకి 1986లో వచ్చిన రోలాండ్ టీఆర్-505లో ఉన్నవి 16 సౌండ్లు. కాంగాలు, టింబాలే, కౌబెల్ ఉన్నాయి గానీ మన తాళవాద్యం ఒక్కటీ లేదు.

ఫైలు వాయించేటప్పుడు మెషిన్ సింక్‌ని (వేగం ఎవరిని బట్టి నడవాలో చెప్పే సెట్టింగు) ఇంటర్నల్‌లోనే ఉంచండి. మిడి సింక్‌లో పెడితే, కంప్యూటర్ స్టార్ట్ సంకేతం, వేగం చెప్పే క్లాక్ సంకేతం పంపగానే మెషిన్ తన ప్యాటర్న్ కూడా మొదలుపెడుతుంది. ఇద్దరు డ్రమ్మర్లు పోట్లాడుకున్నట్టుంటుంది.

ఐదు రంధ్రాల గుండ్రటి సాకెట్ కనిపించిందని మిడి అనుకోవద్దు. రోలాండ్ టీఆర్-606, టీఆర్-808ల మీదా అలాంటి సాకెట్టే ఉంటుంది, కానీ అది సింక్ సాకెట్, వేగం కలపడానికి మాత్రమే. మిడి బయటికొచ్చిందే 1983లో, ఆ రెండూ అంతకు ముందువి. పక్కన ఏం రాసుందో చదవండి. అడాప్టర్ విషయంలో మరీ జాగ్రత్త. అలెసిస్ ఎస్‌ఆర్-16కి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కావాలి, బాస్ కంపెనీ చిన్న మెషిన్లకి 9 వోల్టుల డీసీ, అదీ మధ్య పిన్ను మైనస్. షాపువాడు చేతికందిన అడాప్టర్ ఇస్తే దాని మీద ఏసీయో డీసీయో చూడకుండా గుచ్చకండి.

కొనడానికి వెళ్తే ల్యాప్‌టాప్, పనిచేస్తుందని తెలిసిన కేబుల్ మీరే తీసుకెళ్లండి. 10వ ఛానెల్‌లో ఒక్క కిక్, ఒక్క స్నేర్ ఉన్న చిన్న ఫైలు చాలు. మెషిన్‌లో ప్యాటర్న్ ఆపేసి, అదే ఫైలుతో పలికించమనండి. వెళ్లలేకపోతే వీడియో అడగండి, అందులో కంప్యూటర్ తెర, కేబుల్, మెషిన్ మూడూ ఒకే ఫ్రేములో ఉండాలి. "ఇప్పుడు కేబుల్ లేదు" అన్నాడా, ఇంకో బేరం చూసుకోండి. మెషిన్ ఆపి మళ్లీ వేసి, మీరు రాసిన ప్యాటర్న్ నిలిచిందో లేదో కూడా చూడండి. నిలవకపోతే లోపల మెమరీ బ్యాటరీ అయిపోయినట్టు.

మన సరిహద్దు వాళ్లకి ఇంకో మాట. "మీది ఒడిశా, కేసెయ్యాలంటే మా జిల్లాకే రావాలి" అని మా షాపువాడు బెదిరించాడు. అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే కమిషన్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. సరుకు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. పొట్టకూటికి సొంతంగా వాడుకునే వాయిద్యమైతే, వ్యాపారానికి కొన్నారని తోసెయ్యడానికీ లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించుకోండి. కాబట్టి తెల్లకాగితం బిల్లయినా పారెయ్యకండి. దాని మీద "మిడి ఇన్ పనిచేస్తుంది" అని రాయించుకుంటే ఇంకా మంచిది. రాయడానికి వెనకాడేవాడి దగ్గర కొనకండి.

మేము రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. ఆ షాపు అల్మారాలో అదే మోడల్ మెషిన్ ఇంకొకటి కూడా చూశాను. ఎవరికైనా ఏడున్నర వేలకో, బేరమాడితే ఆరువేలకో ఇస్తానంటే, ముందు అడుగున మరల గాడులు చూడండి. అరిగి ఉంటే మూత విప్పించి, మిడి ఇన్ వెనకాల చిప్పు చూశాకే మాట్లాడండి.