పంది పిల్ల హీరో అయితే: నిజందా, గ్రాఫిక్సా, ఏది మేలు?

ఫ్యామిలీ కామెడీలో జంతువే హీరో అంటే ఇప్పుడు అందరూ ఠక్కున గ్రాఫిక్స్‌లో చేసేద్దాం అంటారు, నేను మాత్రం నిజందే అంటా. అయితే కండిషన్స్ అప్లై.

1995లో వచ్చిన 'బేబ్' సినిమా తీసుకోండి. ఆస్ట్రేలియాలో రాబర్ట్‌సన్ అనే ఊరి దగ్గర తీశారు. తెర మీద కనిపించేది ఒక్క పంది పిల్లే గానీ తెర వెనక ఏకంగా 48 ఉన్నాయి! పంది పిల్ల మన డేట్స్ కోసం ఆగదు కదా, వారం తిరిగేసరికి సైజు మారిపోద్ది, షూటింగేమో నెలల తరబడి నడుస్తది, మొన్న చంకలో ఇమిడిపోయింది కాస్తా ఇవాళ ఎత్తలేనంత అయితే కంటిన్యుటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పోలిక) గోవిందా. అందుకే బ్యాచుల వారీగా పిల్లల్ని దింపి, ట్రైనింగిచ్చి, అన్నీ ఒకేలా ఉండాలని నెత్తిన చిన్న విగ్గు కూడా పెట్టారు (పందికి విగ్గు సెట్ చేసే అసిస్టెంట్ ఉద్యోగం ఎలా ఉంటదో మరి). ట్రైనర్ కార్ల్ లూయిస్ మిల్లర్, 'బీథోవెన్'లో సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్కని ఆడించింది కూడా ఈయనే. నిజం పందుల మూతుల్ని కంప్యూటర్లో కదిపి మాట్లాడించారు, కొన్ని షాట్లకి జిమ్ హెన్సన్ అనే బొమ్మలాట నిపుణుడి వర్క్‌షాపు వాళ్లు చేసిన మర బొమ్మలు వాడారు. విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా దీనికే వచ్చింది.

గ్రాఫిక్స్ వైపుకొస్తే పెరగదు, అలగదు, రీటేక్ అడిగితే కరవదు, అది నిజమే. కానీ ఎదురుగా నటించేవాడి సంగతేంటి? 2020లో 'కాల్ ఆఫ్ ది వైల్డ్'కి సెట్‌లో కుక్కే లేదు, టెర్రీ నోటరీ అనే ఆయన కుక్కలా నాలుగు కాళ్ల మీద తిరుగుతుంటే హారిసన్ ఫోర్డ్ ఆయనతోనే సీన్లు చేశాడు. ఫోర్డ్ కాబట్టి నెట్టుకొచ్చాడు, అదే కామెడీలో ఏడేళ్ల పిల్లాడిని అలా నవ్వమంటే నవ్వుతాడా? 2004 'గార్ఫీల్డ్'లో పిల్లి గ్రాఫిక్స్, పక్కనున్న ఓడీ మాత్రం నిజం కుక్క, ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటే నా కళ్లు ఓడీ మీదకే పోయాయి.

మన రవిబాబు 'అదుగో' (2018) కూడా అంతే, పంది పిల్లని గ్రాఫిక్స్‌లోనే చేశారు, సినిమా పెద్దగా ఆడలేదు. కానీ 2016 నోట్ల రద్దప్పుడు ఆయన నిజం పంది పిల్లని ఎత్తుకుని ఏటీఎం క్యూలో నిలబడ్డ ఫొటో ఉంది చూడండి, అది మాత్రం ఊరంతా తిరిగింది!

పర్మిషన్ల తలనొప్పి మాత్రం ఒప్పుకోవాలి. మన దగ్గర నిజం జంతువుని పెడితే జంతు సంక్షేమ బోర్డు దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి, తర్వాత బోర్డు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకపోతే సెన్సార్ దగ్గర బండి ఆగిపోద్ది. పులి, కోతి, ఎలుగుబంటి లాంటివైతే ఆడించడమే నిషేధం, కాబట్టి అక్కడ చర్చే లేదు, గ్రాఫిక్సే. చిన్న బడ్జెట్ వాళ్లు పంది పిల్లల జోలికి కూడా పోకపోవడం బెటర్, 48 పందుల్ని మేపేదెవరు.

అందుకే నా ఓటు కుక్కకి, అదీ పెద్ద కుక్కకి, ఒకేలా ఉన్నవి రెండు మూడు చూసుకుంటే చాలు. కథ మాత్రం కుక్క పిల్లతో మొదలెట్టకండి సార్, అలా పిల్ల నుంచి ముసలిదాకా చూపించిన 'మార్లీ అండ్ మీ'కి 22 లాబ్రడార్లు పట్టాయి.