పాత స్టీమర్ ఫొటోల ఆర్కైవ్: మూడు రాత్రులు నిద్ర లేకుండా చూశాను

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ లా క్రాస్ క్యాంపస్‌లోని మర్ఫీ లైబ్రరీ, మిసిసిపీ, ఒహాయో నదుల మీద తిరిగిన ఆవిరి పడవల ఫొటోలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పడవ పేరు టైప్ చేస్తే చాలు. నాకు పడవల నిర్మాణం అంటే ప్రాణం కాబట్టి ఒక్కో ఫొటోనూ పెద్దది చేసి చూశాను, అలా చూస్తుంటే పైకప్పు మీద స్తంభాలు, వాటి మీదుగా ముందు కొస నుంచి వెనక దాకా లాగి బిగించిన ఇనుప కడ్డీలు కనిపించాయి. పొడవైన, లోతు తక్కువ చెక్క పడవ కొసలు బరువుకి కిందికి వంగిపోకుండా పట్టి ఉంచేవి అవే! ఎన్నిసార్లు చదివినా అర్థం కాని విషయం ఒక్క ఫొటోతో అర్థమైపోయింది.

ఫొటోలతోనే ఆగకండి. అప్పటి పడవల ఎన్‌రోల్‌మెంట్ (ప్రభుత్వ నమోదు) పత్రాల్లో యజమాని, కెప్టెన్, ఎక్కడ ఎప్పుడు కట్టారు, పొడవు, వెడల్పు, టన్నేజ్ (పడవ లోపలి పరిమాణం లెక్క) అన్నీ ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పడవ కళ్ళముందు నిలబడుతుంది. 1834లో ఇండియానా రాష్ట్రంలోని జెఫర్సన్‌విల్‌లో మొదలైన హోవార్డ్ షిప్‌యార్డ్ (పడవలు కట్టే సంస్థ) కాగితాలైతే ఇండియానా యూనివర్సిటీ లిల్లీ లైబ్రరీలో దాచారు.

ఒక్క హెచ్చరిక. ఒకే పేరుతో చాలా పడవలుండేవి, కట్టిన సంవత్సరం సరిచూసుకోకపోతే పొరబడతారు. నాకు ఐదుకి ఐదు స్టార్లు ఇవ్వాలనే ఉంది, ఇచ్చేశాను.