నల్లజాతి రోగుల గుండె విషయంలో ఏ అంకెను నమ్మాలి: హెచ్‌డీఎల్‌నా, ఎల్‌డీఎల్‌నా?

అమెరికాలో నల్లజాతివారి లిపిడ్ రిపోర్టు, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చూస్తే మొదట మనసు కుదుటపడుతుంది. తెల్లజాతివారితో పోలిస్తే సగటున ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) తక్కువ, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ కాస్త ఎక్కువ. మన తెలుగువాళ్ల రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించేది దీనికి తలకిందులు. అయినా గుండె జబ్బుతో చనిపోయే రేటు అక్కడ నల్లజాతివారిలోనే ఎక్కువ. బీపీ, షుగర్, సమయానికి వైద్యం అందకపోవడం, ఇవన్నీ ఈ రిపోర్టులో కనపడవు కదా.

హెచ్‌డీఎల్ బాగుందన్న ధైర్యం నన్ను భయపెడుతుంది. 2022లో వెలువడిన రిగార్డ్స్ అనే అమెరికా అధ్యయనం సుమారు 24,000 మందిని పదేళ్లపాటు గమనించింది. హెచ్‌డీఎల్ తగ్గితే తెల్లజాతివారిలో గుండెపోటు ముప్పు పెరిగింది, నల్లజాతివారిలో పెరగలేదు. ఎక్కువ ఉన్నందువల్ల అదనపు రక్షణ మాత్రం ఎవరికీ దొరకలేదు.

ట్రైగ్లిజరైడ్లదీ అదే చిక్కు. అవి నార్మల్‌గా ఉన్నాయని చెప్పి, నడుం చుట్టూ కొవ్వు, పెరిగిన షుగర్ ఉన్న మనిషిని ఇంటికి పంపేయకూడదు.

ఇక ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. దీనికి నల్లజాతివారే గొప్ప సాక్ష్యం ఇచ్చారు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, పరీక్షించిన నల్లజాతివారిలో 2.6 శాతం మందికి, రక్తంలో ఎల్‌డీఎల్‌ను పెంచే పీసీఎస్‌కే9 అనే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే పనిచేయడం లేదని తేలింది. వాళ్ల ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు ఏకంగా 88 శాతం తక్కువ! తగ్గింపు అంత పెద్దది కాకున్నా ఫలితం అంత పెద్దదైంది, ఎందుకంటే అది పుట్టినప్పటి నుంచీ తక్కువే. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో మార్కెట్లోకి వచ్చాయి. వాళ్ల రక్తం నేర్పిన పాఠం వాళ్లకే చివరగా అందితే అది అన్యాయం.

కాబట్టి నా ఓటు ఎల్‌డీఎల్‌కే. దాని పక్కన ఇంకొక్క పరీక్ష కావాలి: లైపోప్రొటీన్(ఏ), రక్తంలో ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొలెస్ట్రాల్ కణం. ఇది చాలావరకు వంశపారంపర్యం, తిండి మార్చినా పెద్దగా కదలదు. నల్లజాతివారిలో దీని మధ్యస్థ స్థాయి తెల్లజాతివారికి రెండు మూడు రెట్లు ఉంటుంది. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో రాదు, విడిగా అడగాలి. జీవితంలో ఒక్కసారి చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే, ఎల్‌డీఎల్‌ను ఇంకెంత తగ్గించాలో డాక్టరుతో ఆ రోజే మాట్లాడాలి.