ఎలక్ట్రాన్ కర్పరాలు చూపించే ఆవర్తన పట్టిక గోడపటం: ఒక సమీక్ష

మూలకాల పేర్లు, పరమాణు సంఖ్యలతోనే సరిపెట్టే పటాలు చాలా ఉన్నాయి కానీ, ఈ గోడపటం 118 మూలకాలలో ప్రతిదాని గడిలోనూ కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే పొరలను, అంటే కర్పరాలను, వలయాలుగా గీసి, ఒక్కో కర్పరంలోని ఎలక్ట్రాన్ల సంఖ్యను పక్కనే ముద్రించింది. లిథియం 2,1, సోడియం 2,8,1, పొటాషియం 2,8,8,1 అని ఒకే నిలువు వరుసలో చదివినప్పుడు, చివరి కర్పరంలోని ఆ ఒంటరి ఎలక్ట్రానే ఈ మూలకాలన్నిటికీ ఒకే రకమైన చురుకుదనాన్ని ఇస్తోందని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. నా దృష్టిలో ఈ పటానికున్న అసలైన విలువ ఇదే.

రెండే ఎలక్ట్రాన్లున్న హీలియంను జడవాయువుల నిలువు వరుసైన 18వ గ్రూపులో ఎందుకు ఉంచారో వివరించే చిన్న గమనిక కూడా ఉంది. మొదటి కర్పరం రెండింటితోనే నిండిపోతుందన్న సంగతిని చాలా పటాలు వదిలేస్తాయి.

లోపమల్లా నాలుగో పీరియడ్ (అడ్డు వరుస) దగ్గర కనిపిస్తుంది. మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్లు పట్టే వీలుండగా, పొటాషియంలో అది ఎనిమిది వద్దే ఆగి, కొత్త ఎలక్ట్రాన్ నాలుగో కర్పరంలోకి ఎందుకు వెళ్తుందో శ్రద్ధగల విద్యార్థి తప్పక అడుగుతాడు. అక్కడ నాలుగో కర్పరంలోని 4ఎస్ ఉపకర్పరం (కర్పరంలోని ఒక విభాగం) మూడో కర్పరంలోని 3డి కంటే తక్కువ శక్తి కలిగి ఉండటమే దానికి కారణమని ఒక్క వాక్యం చేర్చవలసింది. క్రోమియం 2,8,13,1 అని సరిగానే ముద్రించినా, వరుస ప్రకారం రావలసిన 2,8,12,2కు బదులు అలా ఎందుకుందో చెప్పలేదు. అచ్చు స్పష్టంగా ఉంది, రంగులు కళ్లకు ఇబ్బంది కలిగించవు. ఉపకర్పరాల పాఠం ఇంకా మొదలుకాని తరగతులకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. పై తరగతులవారు మాత్రం ఉపకర్పరాల ప్రకారం ఎస్, పీ, డీ, ఎఫ్ బ్లాకులను విడిగా చూపించే పటాన్ని ఎంచుకోవడం మంచిది.